ఆరో మెట్టు కింది రీడు

5 ఫిబ్రవరి 2024, సోమవారం

షరీఫాకు ఉర్దూ తప్ప మరొకటి చదవరాదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర దాచాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని ఎక్కడో ఒకచోట దించకపోతే ఊపిరాడేలా లేదు. ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్ళిచ్చింది. ప్రతి పేజీ అడుగున యూరియా బస్తా బొమ్మ ఉంది. ఉంటే ఉండనీ.

పొద్దున శ్రీశైలాన్ని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. భార్య నిర్మలమ్మ రెండు నెలలుగా వెంటపడి సతాయిస్తే, "తాజన్న వస్తెనే పోత" అని షరతు పెట్టాడట. డాక్టరుకు మా మనవరాలి వయసుంటుంది. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి టీవీలో చూసింది. చాలాసేపు చూసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. గొంతులో మాట పలికే చోట ఒక గడ్డ ఉందట. చూడగానే తనకు మంచిగా అనిపించడం లేదట. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలట. తను అనుకుంటున్నదే అయితే, మొదట్లోనే పట్టుకుంటే కరెంటు పెట్టి తగ్గించవచ్చు, మాట నిలుస్తుంది. ఆలస్యం చేస్తే గొంతు మొత్తం తీసేయాలి.

"గొంతు ఎప్పటి సంది మారింది తాతా?" అని అడిగింది.

శ్రీశైలం నవ్వాడు. కుర్చీలో వెనక్కి వాలి, సింహాసనం మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"మారుడా? నేనెవరో మీకెర్క లేనట్టుంది మేడం. నలభై ఏండ్లు రాజు వేషం కట్టిన. హార్మోనియం మీద ఆరో మెట్టు, ఆరు శ్రుతి. గంత పైకి పద్యం ఎత్తినోడు ఈ జిల్లాల లేడు. ఇయ్యాల్టికీ గదే ఆరు. నా పెట్టె వాయించేటాయన ఈయనే, తాజుద్దీన్ భాయ్. అడుగుండ్రి."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"అవునమ్మా," అన్నాను.

బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "సూసినవా, గొంతు ఖరాబైనోనికి ఆరు అందుతదా? గడ్డ లేదు, గిడ్డ లేదు. గీళ్ళకు ముక్కలు కోసుడే పని" అన్నాడు. ఆటోలో ఇంటిదాకా పద్యం గొణుక్కుంటూనే ఉన్నాడు. నేను అవునని ఎందుకన్నానో రేపు రాస్తాను.

6 ఫిబ్రవరి

రేపు.

8 ఫిబ్రవరి, గురువారం

సరే. షరీఫా చెల్లెలింటికి పోయింది. నా దుకాణంలో మరమ్మతుకొచ్చిన రెండు కుట్టుమిషన్లు విప్పి పెట్టి ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

మా పెట్టెలో ఆరో మెట్టు కింద పలికేది ఆరు కాదు. నాలుగున్నర, మూడు మెట్లు తక్కువ శ్రుతి.

2017లో అచ్చంపేటలో మా నాటకం ఆట. రాజ్యం పోయిన రాజు అడవిలో పాడే పెద్ద పద్యం. మూడో పాదంలో గొంతు పైకి ఎక్కాల్సిన చోట శ్రీశైలం జారాడు. జనం గమనించలేదు, గమనించినా ఏమనలేదు. తెర పడ్డాక అతను కిరీటం తీసి రంగుల డబ్బా మీద పెట్టి, అరవై ఒక్క ఏళ్ళ మనిషి, ఏడ్చాడు. "ఆరు పోయినంక నేనెందుకు తాజన్నా, గీ వేషమెందుకు" అన్నాడు. అతన్ని అట్లా చూడడం నాకు అదే మొదలు. సినిమాలో వేషం ఇస్తామని హైదరాబాద్ పిలిపించి, ఒక్కరోజు జనంలో నిలబెట్టి పంపించినప్పుడు కూడా నవ్వుకుంటూ వచ్చినవాడు.

కింది మెట్టు నొక్కి ఊరుకుందామంటే కుదరదు. ప్రతి ఆటకు ముందు, తెర లేవకముందు, శ్రీశైలం నా పెట్టె దగ్గరికి వచ్చి తన చూపుడు వేలు తానే ఆరో మెట్టు మీద పెడతాడు. నేను కాలితో గాలి కొడతాను. ఆ శ్రుతి చెవిలో పడ్డాక వేలు కళ్ళకద్దుకుని పోతాడు. మా గురువు పెట్టిన అలవాటు. కాబట్టి చేసేదేదో పెట్టె లోపలే చేయాలి.

ఆ వారమే పెట్టె విప్పాను. ప్రతి మెట్టు కిందా ఒక ఇత్తడి రీడు ఉంటుంది, పలికేది అదే. ఒక్కో రీడునూ ఊడదీసి ఒక్కో గడి కుడి పక్కకు జరిపాను. ఆరో మెట్టు కిందికి ఐదున్నర వచ్చింది. ఎడమ చివరి మెట్టు మూగదైంది, దాన్ని నొక్కేవాడెవడూ లేడు. నకిరేకల్‌లో తర్వాతి ఆట. వేలు పెట్టాడు, కళ్ళకద్దుకున్నాడు, పాడాడు. 'వన్స్ మోర్' అని అరిచారు. తెర వెనక నన్ను పట్టుకుని గాల్లోకి లేపాడు.

2019లో మళ్ళీ జరిపాను. 2022లో మళ్ళీ. తబలా వెంకన్నకు తెలుసు. పెట్టె శ్రుతికి తబలా బిగించేటప్పుడు ఒకసారి నా ముఖంలోకి చూశాడు. అంతే, అడగలేదు.

నేను చెడ్డపని చేశానని అప్పుడు అనిపించలేదు. ఒక కళాకారుణ్ణి నిలబెట్టాననుకున్నాను. ఎవరికీ నష్టం చేయలేదు. ఇప్పుడూ అదే అనుకోవాలని ఉంది.

12 ఫిబ్రవరి, సోమవారం

నిర్మలమ్మ దుకాణానికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, మిషన్ల మధ్యనే స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"దవాఖానకు పోనంటాండన్నా. ముక్క తీస్తే గొంతు పోతదట. ఎంత మొత్తుకున్నా ఒక్కటే మాట. గొంతుల రోగముంటె ఆరు ఎట్లందుతది, తాజన్ననడుగు అంటడు."

నేను స్క్రూడ్రైవర్ తుడుస్తూ ఉన్నాను. ఆ స్క్రూడ్రైవర్‌కు మరకేమీ లేదు.

"నువ్వు జర చెప్పరాదన్నా. నా మాట ఇనడు. పిల్లల మాట ఇనడు. నీ మాటంటెనే ఇంటడు."

"చెప్తా చెల్లె, ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఆమె వెళ్ళాక షట్టర్ సగం దించి కూర్చున్నాను. చెప్తానన్నాను కాబట్టి చెప్పాలి. ఎల్లుండి పోతాను.

14 ఫిబ్రవరి, బుధవారం

పోయాను. వాకిట్లో మంచం మీద జరీ కోటు ఆరేసి, ఊడిన తళుకులు కుట్టుకుంటున్నాడు. మార్చి పదిన జిల్లా కళాకారుల సంఘం అతనికి సన్మానం చేస్తుందట. సంఘం కార్యదర్శి మా వెంకన్నే. మూడు పద్యాలు పాడాలట.

"వేషంల పాడుత తాజన్నా. ఉత్త దోతి మీద పాడితె రాజు ఎట్లయితడు? నువ్వు పెట్టె జర సాఫ్ చేసి పెట్టు."

మాట మధ్యలో రెండుసార్లు దగ్గాడు. పక్కకు తిరిగి దగ్గాడు, నేను చూడకూడదన్నట్టు. మెడ సన్నబడింది. కోటు భుజాలు ఇప్పుడు అతనికి వదులు.

నోరు తెరిచాను కూడా. "శ్రీశైలం, ఒక మాట" అన్నాను. సరిగ్గా అప్పుడే నిర్మలమ్మ సర్వపిండి పట్టుకొచ్చింది. ఇద్దరం తిన్నాం. తిన్నాక అతను పాత సంగతులు ఎత్తాడు. వానలో దేవరకొండ పోతుంటే లారీ మీద తడిసిన తెరలు, కొత్తకోటలో మూడుసార్లు పాడించిన జనం. నేను నవ్వాను. వచ్చేశాను.

సర్వపిండి తిని వచ్చాను. నేను ఇవాళ చేసింది అదొక్కటే.

15 ఫిబ్రవరి

డాక్టరు ఆలస్యం వద్దంది. పది రోజులైంది.

17 ఫిబ్రవరి, శనివారం

దారి దొరికింది! ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళు తట్టలేదేమిటి.

రీడ్లన్నీ వెనక్కి, దేని జాగాలోకి దాన్ని జరిపేస్తాను. ఆరో మెట్టు కింద నిజం ఆరు. సన్మానానికి సాధన చేద్దామని పెట్టె తీసుకుపోతాను. వేలు పెడతాడు, పాడతాడు, అందదు. అందకపోతే తన గొంతు మీద తనకే అనుమానం వస్తుంది. తనంతట తనే దవాఖానకు పోతాడు. నేను ఒక్క మాట చెప్పక్కర్లేదు. అతను నన్ను ఒక్క మాట అనక్కర్లేదు.

వారం తర్వాత ఇవాళ కడుపు నిండా తిన్నాను. షరీఫా ఆశ్చర్యపోయింది.

19 ఫిబ్రవరి, సోమవారం

రీడ్లు పెట్టేశాను. జరిపినప్పుడల్లా కుడి చివర మిగిలిపోయిన రీడ్లు మూడూ సూదుల డబ్బాలో దాచి ఉంచాను, మంచిదైంది. షరీఫా వచ్చి, "ఎన్నాళ్ళయింది ఆట లేక, ఇప్పుడెందుకు దీన్ని విప్పావు" అంది. సన్మానం అన్నాను. ఆరో మెట్టు నొక్కి చూశాను. ఆ శ్రుతి విని ఏడేళ్ళయింది. ఇంత ఎత్తులో పాడేవాడా అనిపించింది.

21 ఫిబ్రవరి, బుధవారం

రాయాలని లేదు. రాస్తాను.

పదకొండింటికి పెట్టె ఆటోలో వేసుకుని పోయాను. శ్రీశైలం తలకు స్నానం చేసి సిద్ధంగా ఉన్నాడు. వేలు పెట్టాడు. ఒక్క క్షణం కనుబొమలు ముడిపడ్డాయి. కళ్ళకద్దుకుని ఎత్తుకున్నాడు.

మొదటి పాదం గుంజుకుంటూ ఎక్కాడు. మెడ నరాలు ఉబ్బాయి. రెండో పాదంలో గొంతు రెండుగా చీలింది. మూడో పాదం రాలేదు. గాలి వచ్చింది, మాట రాలేదు. తర్వాత దగ్గు. తువాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడకేసి తిరిగాడు. నేను కాలు ఆపకుండా గాలి కొడుతూనే ఉన్నాను, ఎందుకో ఆపడం తెలియలేదు. పెట్టె ఒక్కటే పలుకుతోంది.

దగ్గు ఆగాక అతను తువాలు మడిచాడు. మడిచేలోపు నాకు ఎరుపు కనబడింది.

ఇప్పుడు అంటాడు, తాజన్నా నా గొంతుకు ఏదో అయింది, పోదాం పద అంటాడు అనుకున్నాను. 

"పెట్టె ఖరాబైంది తాజన్నా," అన్నాడు.

"ఆఁ?"

"శ్రుతి పైకి పోయింది. ఎన్నటిది గాదు గిది. నా చెవి నాకెర్క లేదా? నువ్వు ముసలోనివైతున్నవ్, రీడ్లు సక్కగ పెడ్తలేవు. ఇప్పి సరిచేసుకొని రా, రేపు పాడుత."

అతని చెవి నిజమే చెప్పింది. పెట్టె నిజంగానే పైకి పోయింది. అతను నమ్మంది ఒక్కటే, తన గొంతు తగ్గిందని.

"సూస్తలే," అన్నాను. మళ్ళీ చెప్పకుండానే వచ్చేశాను. 

22 ఫిబ్రవరి

నెత్తురు చూశాను. నేను చూశానని అతనికి తెలుసు.

26 ఫిబ్రవరి, సోమవారం

నిన్న షబ్-ఎ-బరాత్. మసీదులో అందరూ చేతులెత్తి అడుగుతుంటే నాకు ఏం అడగాలో తెలియలేదు. శ్రీశైలాన్ని బతికించు అని అడగబోయాను. లోపల ఇంకో మాట వచ్చింది. నా సంగతి ఎవరికీ తెలియనివ్వకు అని.

ఇవాళ దాన్ని ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. నాకు భయం అతను పోతాడని కాదు. నా వల్ల పోయాడని తెలుస్తుందని. యాభై ఏళ్ళ స్నేహం, ఆ స్నేహానికి నేను పడుతున్న భయం ఇది. ఛీ, ఎంత పిరికివాణ్ణి. చెబితే ముఖం మీద ఉమ్ముతాడు. ఉమ్మితే తుడుచుకోవచ్చు. అది కాదు. నిర్మలమ్మ ముఖం నేను చూడలేను. ఎందుకంటే

28 ఫిబ్రవరి, బుధవారం

నిర్మలమ్మ ఫోన్ చేసింది. దిండు మీద నెత్తురట. అడిగితే పండ్లల్లోంచి వచ్చిందన్నాడట. "పెట్టె బాగైందా, తాజన్న ఎప్పుడొస్తడు" అని అడుగుతున్నాడట. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే నాకు నయంగా ఉండేది.

"ఇంక నావల్ల గాదన్నా. నువ్వే ఏమన్న చెయ్యి," అంది.

ఎల్లుండి జుమ్మా. నమాజ్ అయ్యాక పోతాను. రేపు, ఎల్లుండి అని ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. ఇంకోసారి రాయను.

1 మార్చి, శుక్రవారం

చెప్పాను.

పెట్టె, స్క్రూడ్రైవర్ తీసుకుని పోయాను. అతను మంచం మీద ఉన్నాడు, నన్ను చూసి లేచి కూర్చున్నాడు. "బాగైందా?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా పెట్టె మూత విప్పి రీడ్లు కనబడేలా అతని ముందు పెట్టాను. ఒక స్క్రూ కిందపడి మంచం కిందికి దొర్లింది.

"పెట్టె ఇప్పుడే సక్కగున్నది శ్రీశైలం. ఇంతకుముందే సక్కగ లేకుండె. నేనే చేసిన."

ఒక్కో రీడు మీద వేలు పెట్టి చూపించాను. ఏది ఎక్కడ ఉండాలో, నేను ఎక్కడికి జరిపానో. గడిలో పట్టడానికి ఆకురాయితో రాకిన గీతలు ఇంకా ఉన్నాయి. అతను వంగి ఆ గీతలు చూశాడు.

"ఎప్పటి సంది?"

"అచ్చంపేట ఆట అయినంక."

"నకిరేకల్ల ఎంత?"

"ఐదున్నర."

"దేవరకొండ?"

"ఐదు."

"కొత్తకోట? మూడుసార్లు పాడించిన్రు చూడు."

"నాలుగున్నర."

"చివరి ఆట, టౌన్‌హాల్ల?"

"నాలుగున్నరే."

ఒక్కో ఊరి పేరు అడిగాడు. అన్నిటికీ చెప్పాను. తప్పించుకోవడానికి నాకు దారి లేకుండా, బడిలో పంతులు అడిగినట్టు అడిగాడు. ఊళ్ళు అయిపోయాక, "వెంకన్నకెర్కనా?" అన్నాడు. ఎరుకే అన్నాను. తల ఊపాడు.

"ఆరు నుంచి నాలుగున్నర. గిది వయసా? గడ్డా?"

"నాకెర్క లేదు. డాక్టరుకెర్కయితది. పోదాం పా."

అతను పెట్టెలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, "పో" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

లేచి తిరిగేసరికి గుమ్మంలో నిర్మలమ్మ. అన్నీ విన్నది.

"ముందటేడు బతుకమ్మప్పుడు నీ దుకాణానికొచ్చి అడిగిన గదన్నా," అంది. "గొంతు జీర పోతాంది, దగ్గుతాండు, నీకేమన్న తేడా తెలుస్తాందా అని. బంగారం లెక్కున్నది చెల్లె అన్నవ్. నీ మాట మీద నేను సప్పుడు చెయ్యకుంట ఊకున్న."

అవును. అడిగింది. ఈ డైరీలో కూడా నేను రాయని మాట అది. మొన్న 'ఎందుకంటే' దగ్గర ఆపేసింది కూడా అందుకే. మూడోసారి రీడ్లు జరిపిన నెలలోనే అడిగింది, దుకాణంలో అదే స్టూలు మీద కూర్చుని. బంగారంలా ఉందన్నాను.

పెట్టె అక్కడే వదిలేసి వచ్చాను.

2 మార్చి

శ్రీశైలం ఫోన్ ఎత్తలేదు.

3 మార్చి

ఎత్తలేదు.

5 మార్చి, మంగళవారం

వెంకన్న చెప్పాడు. నిన్న పొద్దున బస్సుకే మొగుడూపెళ్ళాం హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయారట. ముక్క తీశారట. దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. సంతోషమో ఏమో తెలియలేదు.

వెంకన్న నా పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు. "నేను గూడ చెప్పలే గదా తాజన్నా," అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం. ఇద్దరం కలిసి చేశామంటే నా పాలు తగ్గదు.

షరీఫాకు రాత్రి అన్నం దగ్గర చెప్పాను. ఇంత కాలం ఈమె దగ్గరా దాచాను. ఆమె ముద్ద కిందపెట్టి, "పెట్టె విప్పిన ప్రతిసారీ నువ్వు కూనిరాగం తీసేవాడివి, పుణ్యం చేస్తున్నట్టు" అంది.

10 మార్చి, ఆదివారం

సన్మానం జరిగింది. కుర్చీ ఖాళీ. శాలువా అతని తరఫున నన్ను తీసుకోమన్నారు. మైకులో "యాభై ఏండ్లు ఆ గొంతును కాపాడుకుంటూ వచ్చిన హార్మోనియం తాజుద్దీన్" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటికి వచ్చి, బస్టాండు దాకా ఆగకుండా నడిచాను.

13 మార్చి, బుధవారం

రంజాన్ రెండో రోజా. నిర్మలమ్మ కొడుకుతో ఫోన్ చేయించింది. అదే జబ్బు. కరెంటు పెడితే తగ్గే దశ దాటిపోయింది. గొంతు తీసేస్తారు, మెడలో రంధ్రం పెడతారు, దానిలోంచే ఊపిరి. మాట ఉండదు. ప్రాణానికి ఆశ ఉందన్నారట. ఏడాది ముందొచ్చి ఉంటే కరెంటుతోనే పోయేదన్నారట.

ఏడాది ముందు. సరే.

మార్చి ఇరవైన ఆపరేషన్.

15 మార్చి

ఉపవాసం ఉన్నాను. ఆకలి కావడం లేదు కాబట్టి దీన్ని ఉపవాసం అనాలో లేదో.

18 మార్చి, సోమవారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. శ్రీశైలం పేరు కనబడింది. ఎత్తడానికి భయమేసింది, ఎత్తకపోవడానికి అంతకంటే భయమేసింది. 

"తాజన్నా." గొంతు బొంగురుగా, గాలి ఎక్కువ మాట తక్కువగా ఉంది. "పెట్టె మా ఇంట్ల ఉన్నది. తీస్కొని రేపు హైదరాబాద్ రా."

"ఎందుకు?" అని అడిగాను, ఎంత బుద్ధిలేని మాట.

"ఎందుకేంది. ఎల్లుండి కోస్తరు."

19 మార్చి, మంగళవారం

పెట్టె మడిచి బస్సు వెనకసీటు కింద పెట్టుకుని వచ్చాను. దవాఖాన ఎదురు సందులో రోగుల వాళ్ళు ఉండే కిరాయి గది. రేపు పొద్దున ఏడింటికి లోపలికి రమ్మన్నారట, ఈ పూటకు బయట ఉండనిచ్చారు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఏమంటాడు, నలుగురిలో ఏమంటాడు, నిర్మలమ్మ ఏమంటుంది. గది తలుపు దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చాను.

మనిషి సగమయ్యాడు. లుంగీ, బనియను. నన్ను చూసి మంచం మీద జాగా చూపించాడు. ఎట్లున్నవ్ అని నేనడగలేదు, అతనూ అడగలేదు. కాళ్ళు విప్పి పెట్టె నిలబెట్టాను.

"నాలుగున్నర పెట్టు," అన్నాడు.

నేను అతని ముఖంలోకి చూశాను. వేలు పెట్టడానికి ముందుకు రాలేదు. చేతులు ఒడిలోనే ఉన్నాయి.

"పెట్టు. నేను పాడిందేదో నాకెర్క గావాలె గదా."

నాలుగున్నర నల్ల మెట్టు నొక్కి గాలి కొట్టాను. అతను కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. అడవిలో రాజు పద్యం ఎత్తుకున్నాడు. వరండాలో పక్క గదుల వాళ్ళు స్టవ్వులు ఆపారు, ఎవరో పిల్లను ఊరుకోబెట్టారు. మొదటి పాదం నిలిచింది. రెండోది గరగరలాడుతూ నిలిచింది. మూడో పాదంలో పైకి ఎక్కే చోట గొంతు తెగి కింద పడింది. నాలుగోది ఎట్లాగో ముగించి దగ్గాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిర్మలమ్మ గోడవైపు చూస్తోంది.

"ఎట్లున్నది?" అన్నాడు శ్రీశైలం.

యాభై ఏళ్ళుగా ప్రతి ఆట అయ్యాక అడిగే మాట అది. యాభై ఏళ్ళుగా నేను చెప్పే జవాబు ఒకటే, అది నాలుక చివరికి వచ్చింది కూడా. ఇంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు. రేపు ఈ మనిషికి గొంతు ఉండదు. ఇవాళ బాగుంది అంటే ఎవరికేం నష్టం?

"మూడో పాదంల పడ్డవ్," అన్నాను.

అతను నన్ను చూశాడు. నిర్మలమ్మ కూడా ఇటు తిరిగింది.

"ఏ కాడ?"

"పైకి పొయ్యే కాడ. గాలి ముందే అయిపోయింది. రెండో పాదం చివర ఊపిరి తీసుకోకుంట ఉరికినవ్."

"అచ్చంపేటల గూడ గక్కడనేనా?"

"గక్కడనే."

మసీదు నుంచి సాయంత్రం అజాన్ వినిపించింది. నిర్మలమ్మ లేచి గ్లాసులో నీళ్ళు పోసి, ఒక అరటిపండు తెచ్చి పెట్టె మీద నా ముందు పెట్టింది. అన్నా అని పిలవలేదు. నేను రోజా విడిచేదాకా మాత్రం అక్కడే నిలబడింది.

"గప్పుడే గీ మాట అనుంటె దిద్దుకుందు గద తాజన్నా," అన్నాడు శ్రీశైలం. "లేకుంటె ఇడిసిపెడుదు." తర్వాత మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. "మల్ల పెట్టు. మూడో పాదం."

పెట్టాను. పడ్డాడు. పడ్డావని చెప్పాను. మళ్ళీ పెట్టమన్నాడు. నిర్మలమ్మ "ఇంక సాలు" అంటే చెయ్యి అడ్డం ఊపాడు. నాలుగుసార్లు పాడాడు. నాలుగుసార్లూ అక్కడే పడ్డాడు. నాలుగుసార్లూ చెప్పాను.